బిల్లు ఎవరి పేరున

కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో
మా ఫ్లెక్సీ మిషను రాత్రంతా అటూ ఇటూ,
పొందూరు మగ్గంలో నాడె ఆడినట్టు.
పెళ్ళికొడుకులు, పుట్టినరోజు నాయకులు,
పోయినవాళ్ళ చిరునవ్వులు,
ఏదైనా చదరపు అడుగు పన్నెండు రూపాయలే.

మాఘంలో తారకేశు వచ్చాడు
మామిడిగెడ్డ భూమాత పరిరక్షణ సమితి అని
చీటీ మీద రాసుకొని.
సోలారు పలకలు వేస్తే
ఆ వేడికి జీడిపూత మాడిపోతుందట,
చూలు ఆవులు ఈసుకుపోతాయట,
మబ్బు పొలిమేర దాకా వచ్చి వెనక్కి తిరుగుతుందట.
మూడూ నేనే టైపు చేశాను.
మంట బొమ్మ చాల్లేదన్నాడు,
పెంచాను.

"నల్ల పలకలు మాకొద్దు
పచ్చ తోటలే మాకు ముద్దు"
ఆ ప్రాస నాది.
అతని చీటీలో లేదు. ఊరికే కుదిరింది,
ఊరికే ఇచ్చాను.
ఇంటర్లో కవితలు రాసేవాణ్ణి లెండి.

నలభై ఫ్లెక్సీలు, రెండు వేల కరపత్రాలు,
ఆటోలకి కట్టే బ్యానర్లు ఎనిమిది.
బేరం ఆడలేదు.
థర్మలు వద్దని బీలగట్టు మీద జనం కూచున్న రోజుల్లో
మా నాన్న పాత చీర చింపి వెదురుగెడకి కట్టి
సున్నంతో రాసేవాడు,
ఇంటికో పిడికెడు ఎత్తుకొచ్చి గంజి కాచేవారు.
ఇక్కడ బేరమే ఆడలేదు.

"బిల్లు సమితి పేరున కొట్టమంటారా?"
"కాదు కాదు" అని
ఫోనులో చూసి ఒక్కొక్కటీ చదివాడు,
పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు.
కంప్యూటరుకి మొహమాటం ఉండదు,
నొక్కగానే పేరు చెప్పేసింది:
నీలకంఠ ఫ్యూయల్స్ అండ్ లాజిస్టిక్స్.

నిరుడు మా గోడ మీద వాళ్ళ క్యాలెండరే.
పైన పద్మంలో లక్ష్మీదేవి,
కింద బారులు తీరిన లారీలు,
టార్పాలిన్ల కింద రేవులో దిగిన ఏ దేశపుదో బొగ్గు.
దాని మీదే పాలవాడి లెక్క రాసుకున్నాం
ఏడాది పొడుగునా.

బిసాయి గారితో అన్నాను.
పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి
"మనం అమ్మేది ఇంకు. రాతతో మనకేటి పని?" అన్నారు.

ఫ్లెక్సీలు కట్టడానికి సభకి వెళ్ళాను.
ముందు వరసలో మా దాలమ్మ పిన్ని.
పాతికేళ్ళు జీడిపిక్కలు కొట్టి
తోలు ఊడి నల్లబడ్డ వేళ్ళు.
ఆ నలుపు ఎక్కడిదో పలాసలో పసిపిల్లకైనా తెలుసు.
ఆ చేతులెత్తి నా ప్రాస అరుస్తోంది
గొంతు బొంగురుపోయేలా.
డబ్బిచ్చిన చెయ్యి సభకి రాలేదు.
అది ఎంత తెల్లగా ఉంటుందో.

ఫాల్గుణంలో రెండో ఆర్డరు.
ఈసారి అట్టడుగున,
ఫోన్ నంబర్ల కింద, మేకు దిగే అంచులో
ఒక వరస చేర్చాను:
ఈ ఫ్లెక్సీ ఖర్చు నీలకంఠ ఫ్యూయల్స్ వారిది.
చీమ తలకాయంత అక్షరాలు.
నా ధైర్యం ఆ సైజే.

పది రోజులు వేలాడింది.
మేష్టారు చూశారు,
ఎమ్మార్వో జీపు ఆగి చూసింది,
తారకేశు దాని పక్కనే నిలబడి ఫొటో దిగాడు.
ఎవరూ చదవలేదు.

చదువు రాని దాలమ్మ పిన్నే
వంగి, నల్లటి వేలు పెట్టింది.
"ఏట్రా గుంటడా, ఈ సీమల బారు?"

చెప్పాను.
కాసేపు కొంగుముడి తడుముకుంది.
"అయితే మీటింగుకి రమ్మని నాకిచ్చిన మూడొందలూ
ఆలవేనేటి?"
"అవును పిన్నీ."
"ఖర్సయిపోనాయి."

తోట వైపు చూసింది.
పూత గుత్తులు గుత్తులుగా విచ్చుకుని
గాలి నిండా ఆ వగరు తీపి.
"డబ్బులు ఆలవి గానీ
పూత గురించి నా బయ్యం నాదేరా.
నిజింగా మాడిపోద్దో లేదో,
ఎవలి డబ్బూ ముట్టుకోకండా సెప్పీవోలు
ఒక్కలున్నారేటి?"

నిచ్చెన భుజానికెత్తుకుని వచ్చేశాను.
ఆ ప్రశ్న ఏ సైజులో కొట్టాలో
బిల్లు ఎవరి పేరున రాయాలో
ఇంకా తేల్చుకోలేదు.